హీలియం రాలేదు

"ఒక్క సిలిండర్. దాని మూత ఊడిందంటే ఆర్మూర్ అంత ఊళ్లో దీపం పెట్టే దిక్కు కూడా ఉండదు" అన్నాడు చీఫ్.

1991 ఫిబ్రవరి. హైదరాబాద్‌లోని బ్యూరో ఆఫీసు. చీఫ్ ఎదురుగా కూర్చున్న మనిషి ఏజెంట్ దేవిదాస్. ఒకప్పటి నేవీ డైవర్. సముద్రం అడుగున మునిగిన యుద్ధనౌకల్లో దారి వెతుక్కోగలడు గానీ, ఆఫీసు ఫైళ్లలో మాత్రం ఎప్పుడూ దారి తప్పుతాడు.

"రెండో ప్రపంచ యుద్ధంలో విషవాయువు సిలిండర్‌తో బయల్దేరిన మిలిటరీ ప్లేన్ ఒకటి గోదావరి మడుగులో కూలింది. సంగతి తొక్కిపెట్టారు. తర్వాత డ్యామ్ కట్టారు. మడుగూ, ఒడ్డున ఉన్న ఊరూ రిజర్వాయర్ కిందికి పోయాయి. ఇప్పుడది నూట నలభై అడుగుల లోతు. కోరల్ రింగ్ దానికోసం దిగింది."

కోరల్ రింగ్ అంటే దేవిదాస్‌కు తెలుసు. యుద్ధకాలపు ఓడల్నీ విమానాల్నీ నీళ్లలో గాలించి, దొరికిన మారణాయుధాల్ని అమ్ముకునే విదేశీ ముఠా.

"బాస్ పేరు హాన్స్. డైవర్ ఈమె" అంటూ చీఫ్ ఒక ఫోటో తోశాడు. నల్ల కళ్లద్దాలు, పట్టు దుపట్టా. "షాహజాది. దుబాయ్ పసుపు ఎక్స్‌పోర్టర్‌నని చెప్పుకుంటూ ఆర్మూర్‌లో మకాం వేసింది. అందగత్తె. జాగ్రత్త."

"అందం సంగతి సరే సార్. ఆ లోతులో మామూలు గాలి పీలిస్తే నైట్రోజన్ నెత్తికెక్కుతుంది. హీలియం కలిపిన గ్యాస్ కావాలి."

"నువ్వు చేరేసరికి అక్కడ ఉంటుంది."

లేదు.

ఆర్మూర్ మార్కెట్ యార్డు పక్కన, కమీషన్ మీద పసుపు అమ్మిపెట్టే అడ్తిదారు వేషంలో దుకాణం తెరిచాడు దేవిదాస్. బట్టలు పసుపు, చేతులు పసుపు, చివరికి తుమ్మినా పసుపే. అందినవల్లా కాటా కింద దాచిన ఒక వైర్‌లెస్, పక్కూరు పెర్కిట్ ఆటోడ్రైవర్ వేషంలో ఉన్న లోకల్ ఏజెంట్ ఖుద్దూస్.

"కొమ్ములా, గోళాలా?" అన్నాడు ఖుద్దూస్, పసుపు రకం అడుగుతున్నట్టు, కోడ్ ప్రకారం.

"రెండూ పుచ్చినయే. హీలియం వచ్చిందా?"

"రాలే సాబ్. ఫైల్ నడుస్తుందట."

రోజూ అదే జవాబు. దేవిదాస్‌కు ఒళ్లు మండిపోయేది. దానికి తోడు యార్డు గంట ఒకటి. హర్రాజు మొదలయ్యే ముందు చౌకీదారు దేవయ్య, చెట్టుకు గొలుసుతో వేలాడే తుప్పు ఇనుప గొట్టాన్ని సుత్తితో కొట్టేవాడు. గంటంటే ఖంగుమనాలి కదా! ఇది 'ధబ్' మనేది.

"ఏం గంట దేవయ్యా ఇది? కడుపునొప్పి లేచినట్టు మూలుగుతుంది" అని ఒక పొద్దున కసిరాడు.

"గట్లంటవేంది సేటు? మునిగిన మా ఊరి గంట గిది. నా చిన్నప్పటిసంది గిట్లనే మోగుతది" అన్నాడు దేవయ్య చిన్నబుచ్చుకొని.

ఎవడి ఊరి గంట ఎవడికి కావాలి అనుకున్నాడు దేవిదాస్. చిరాకులో ఉన్న గూఢచారికి చెవులుండవు.

హాన్స్ లారీ మాట్లాడుకున్నాడని ఖుద్దూస్ కబురు తెచ్చాక ఇక ఆగే వీల్లేకపోయింది. హీలియం లేకుండానే, చేపల సర్వే పేరు చెప్పి పట్టపగలే పుట్టి మీద రిజర్వాయర్‌లోకి వెళ్లాడు. పుట్టిలో ఖుద్దూస్‌ను ఉంచి, వీపున మామూలు గాలి ట్యాంకులతో తాడు పట్టుకుని దిగాడు.

లోతుకు పోయేకొద్దీ తల తిరగసాగింది. పరగడుపున కల్లు తాగినట్టు, ఊరికే నవ్వొచ్చింది. నవ్వితే చస్తానని తనకు తానే చెప్పుకుని పళ్లు బిగబట్టాడు. టార్చి వెలుగులో ముందు ఊరు కనిపించింది. గోడలున్నాయి, తలుపుల్లేవు. దర్వాజాల్లేవు, దూలాల్లేవు. ఊరు ఖాళీ చేసినవాళ్లు కడపరాయి కూడా వదల్లేదు.

అవతల, మడుగులో ప్లేన్. దాన్ని ప్లేన్ అనడానికి గుండె రావాలి. పక్కటెముకల్లాంటి కమ్మీలు తప్ప రేకు లేదు, సీటు లేదు, బోల్టు లేదు. ఏదో కరువు ఎండాకాలం మడుగెండినప్పుడు ఊరంతా కలిసి ఒలుచుకుపోయినట్టుంది.

సిలిండర్ లేదు. ఇన్నాళ్ల పాట్లు, ఇంత లోతు, అంతా బూడిదలో పోసిన పన్నీరే. ఏడుపొచ్చింది గానీ మాస్కులో ఏడిస్తే తుడుచుకునే వీలు లేదు.

పైకి ఒక్కసారిగా రాకూడదు. వస్తే రక్తంలో గాలి బుడగలు పుట్టి మనిషి వంకర్లు పోయి చస్తాడు. అందుకని పది అడుగుల లోతులో తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. అప్పుడు అదే తాడు మీదికి ఇంకో చెయ్యి వచ్చింది. సన్నటి వేళ్లు, ఎర్ర గోళ్లు.

షాహజాది!

దేవిదాస్ కత్తి మీద చెయ్యి వేశాడు. ఆమె వేలు ఊపి, వాచీ చూపించింది. నిజమే. పెనుగులాడితే గాలి అయిపోతుంది, పైకి తేలితే ఇద్దరూ చస్తారు. బద్ధశత్రువులిద్దరూ ఒకే తాడు పట్టుకుని, బస్సు కోసం నిలబడ్డవాళ్లలా చూపులు తప్పించుకుంటూ ఉండిపోయారు. కాసేపటికి ఆమె పలక మీద రాసి చూపించింది: "నాకూ దొరకలే."

అంతలో దేవిదాస్ ట్యాంకు అడుగంటింది. ఊపిరి బరువెక్కింది. ఆమె అతని కళ్లలోకి చూసి, తన స్పేర్ గొట్టం తీసి నోటికందించింది. శత్రువు గాలి పీల్చి బతకాల్సి రావడం కన్నా తలకొట్టేసినట్టుండే పని ఇంకోటుందా? ఉన్నా లేకపోయినా పీల్చాడు. గడువు తీరగానే ఆమె గొట్టం వెనక్కి తీసుకుని అవతలి ఒడ్డు వైపు ఈదుకుపోయింది.

మర్నాడు పొద్దున, ఖుద్దూస్ నిజామాబాద్ నుంచి తెచ్చిన గాలి ట్యాంకుల్ని దుకాణం వెనక గదిలో సుత్తితో తట్టి చూస్తున్నాడు దేవిదాస్. నేవీ అలవాటు. ఖాళీ ట్యాంకు ఖంగుమంటుంది. నిండినది మొద్దుగా పలుకుతుంది.

ఒకటి 'ఖంగ్'. "ఇది నింపనే లేదు గదా!" అని విసుక్కున్నాడు. రెండోది 'ధబ్'.

సరిగ్గా అప్పుడే యార్డులోంచి గంట: ధబ్.

దేవిదాస్ చేతిలో సుత్తి జారిపోయింది. తలుపులు, దూలాలు, కడపరాళ్లు మోసుకొచ్చిన జనం. మునిగిన మా ఊరి గంట!

పసుపు కుప్పల మీదుగా పరుగెత్తాడు. రైతులు తిట్టారు. చెట్టుకింద ఇత్తడి గంట ఒకటి కొత్తగా మెరుస్తోంది. పక్కన షాహజాది. గేటు దగ్గర లారీ, దాని ముందు కాంటెస్సా కారులో హాన్స్.

"నిన్న మాపటికి మేడమ్ మా ఊరి గంట కథంత అడిగింది, ఇయ్యాల కొత్త గంట ఇస్తున్నది సేటు! పాతది తీస్తున్న" అన్నాడు దేవయ్య సంబరంగా. పెద్ద సమ్మెట ఎత్తాడు.

"జర ఆగు దేవయ్యా, మెల్లగ గొలుసు విప్పు" అంటోంది షాహజాది. ఆమె మొహం పాలిపోయి ఉంది.

"క్విక్!" అని అరిచాడు హాన్స్ కారులోంచి.

గొలుసు సిలిండర్ మెడకు చుట్టి ఉంది. మెడ మీదే మూత. చుట్టూ వందల మంది రైతులు, హమాలీలు. సమ్మెట దిగుతోంది. దేవిదాస్ అమాంతం దూకి కర్ర పట్టుకున్నాడు. ఇనుము మూతకు వెంట్రుకవాసిలో ఆగింది.

"పాగల్ అయినవా సేటు!" అన్నాడు దేవయ్య.

హాన్స్ పిస్టల్‌తో కారు దిగాడు. కానీ ఆ పాటికే ఇంకో పిస్టల్ వాడి చెవి వెనక ఆనింది. అది షాహజాది చేతిలో ఉంది.

"కొమ్ములా, గోళాలా?" అంది ఆమె దేవిదాస్‌తో.

అతని నోరు తెరుచుకుంది. "రెండూ... రెండూ పుచ్చినయే. నువ్వు మనదానివా?"

"రెండేళ్లసంది వీళ్లలో ఉన్న. నీకు చెప్పలేదా?"

"నాకెవడు చెప్తాడు!" అతనికి ఇంకో అనుమానం వచ్చింది. "నిన్న నువ్విచ్చిన గాలి తేలిగ్గా ఉన్నది. అది మామూలు గాలి కాదు. నీకు హీలియం ఎక్కడిది?"

షాహజాది జాలిగా చూసింది. "ఆఫీసే పంపింది. పైన నీ పేరున్నది. పొరపాటుగ నాకొచ్చిందేమో అనుకున్న."

దేవిదాస్ పసుపు కుప్ప మీద కూలబడ్డాడు. పోలీసులు వచ్చి హాన్స్‌ను తీసుకుపోయారు. బ్యూరో వాళ్లు సిలిండర్‌ను పసిపిల్లలా పట్టుకుపోయారు, సాక్ష్యమంటూ ఇత్తడి గంటను కూడా వదల్లేదు. గంట లేకపోతే హర్రాజు ఎట్లా అని రైతులు గోల పెట్టారు. దేవిదాస్ లేచి వెళ్లి తన ఖాళీ ట్యాంకు తెచ్చి గొలుసుకు తగిలించాడు. దేవయ్య కొట్టాడు. పెర్కిట్ దాకా ఖంగుమంది.

"అబ్బ, మస్తు మోగుతుంది సేటు! గింత ఆవాజ్ ఎక్కడిది?"

"లోపల ఏమీ లేదు దేవయ్యా" అన్నాడు దేవిదాస్, హెడ్డాఫీసును తలుచుకుని.