వానాకాలం క్యాసెట్టు

మా ఊరి టీవీ ఛానెల్‌కి పాతికేళ్లు నిండాయని చిన్న ఓనరు నాకో పని అప్పజెప్పాడు. పాత క్యాసెట్లన్నీ వెతికి అరగంట చరిత్ర తయారుచెయ్యాలి, చెప్పే గొంతు కూడా నాదే. "మొదటి రోజు నుంచీ ఉన్నది మీరొక్కరేగా," అన్నాడు. నిజమే. గడియారాల షాపు మీద రెండు గదులు, మధ్యలో ఒక అద్దం. అద్దానికి అటు వార్తలు చదివే బల్ల, ఇటు నేనూ నా మిషన్లూ. ఊరంతా నన్ను క్యాసెట్టు అనే పిలుస్తారు. చిన్న ఓనరుకి నా అసలు పేరు తెలీదు. మా ఆవిడకైనా గుర్తుందో లేదో.

వార్తలు చదివేది అక్క. నా సొంత అక్క కాదు, ఊరందరికీ అక్కే. అద్దం వెనక నేను చూపుడువేలు ఎత్తితే తప్ప నోరు విప్పేది కాదు. ఒకసారి తుమ్ములు పట్టుకుని నేను వేలెత్తడం మర్చిపోతే, రెండు నిమిషాలు అలాగే చూస్తూ కూర్చుంది.

ఆవిడ సెలవు పెట్టే రోజుల కోసం కొన్ని వార్తలు ముందే చదివించి దాచుకునేవాళ్లం. ఎండాకాలానికొకటి, వానాకాలానికొకటి. "నదిలో నీళ్లు మామూలుగానే ఉన్నాయి, ఎవరూ ఇళ్లు ఖాళీ చేయనక్కర్లేదు" అని ఉంటుంది వానాకాలం దాంట్లో. అది వేసేముందు నీళ్ల ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ పని నాది.

ఒక ఏడు నేను ఫోన్ చెయ్యలేదు. నాలుగేళ్లుగా అదే జవాబు వింటున్నా కదా అని బద్ధకం. అంతే, ఇంకో కారణం లేదు. కూతురికి జ్వరమని అక్క ఇంట్లో ఉండిపోయింది. నేను క్యాసెట్టు పెట్టేసి టీకి కిందికి దిగాను. అక్క మాట నమ్మి పల్లపు వీధి వాళ్లు ఇళ్లల్లోనే ఉన్నారు. ఆ రాత్రి నది పొంగి ఏడుగురు పోయారు.

జనం అక్క ఇంటి మీదికొచ్చారు. అది పాత క్యాసెట్టనీ, ఆ రోజు తను ఛానెల్‌కే రాలేదనీ మొత్తుకుంది. అప్పటి పెద్ద ఓనరు మా ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి అడిగాడు. అక్క నా మొహంలోకి చూసింది, వేలెత్తుతాననే ధైర్యంతో చూసినట్టు.

"ఆవిడే వచ్చి చదివిందండీ," అన్నాను.

ఇంటికెళ్లేలోపే ఆ క్యాసెట్టు చెరిపేశాను. మళ్లీ వానలు రాకముందే అక్క మంచం పట్టి పోయింది.

చరిత్ర పని మొదలుపెట్టిన మధ్యాహ్నం అక్క కూతురొచ్చింది. పెద్దదైపోయింది.

"మామయ్యా, అమ్మ గొంతున్న క్యాసెట్టు ఒక్కటిస్తారా?"

"వెతుకుతానమ్మా."

తను కదల్లేదు. "ఆ రోజు అమ్మ నా పక్కనే పడుకున్నట్టు గుర్తు. జ్వరంలో కలగన్నావంటారు అందరూ. మీరే చెప్పాలి."

"కలే అయ్యుంటుందమ్మా. అక్కే చదివింది."

మొదటిసారి కంటే తేలిగ్గా వచ్చింది ఆ మాట. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

తనను బయట వరండాలో టీవీ ముందు కూర్చోబెట్టి లోపలికెళ్లాను. అరలో కాగితం అంటించని క్యాసెట్టు ఒకటి దొరికింది. చేతికి చల్లగా తగిలింది. మిషన్లో పెట్టాను.

తెర మీద, బల్ల దగ్గర అక్క. నోరు విప్పలేదు.

గదిలో తడి బురద వాసన. ఎక్కడో చుక్క చుక్కగా నీళ్లు... నిమిషం గడిచింది. బొమ్మ ఆగిపోయిందేమో అనుకున్నా. లేదు... రెప్పలు వేస్తోంది. నన్నే చూస్తోంది.

అద్దం వైపు తల తిప్పాను. అటు గది ఇప్పుడు విరిగిన కుర్చీల కొట్టు. ఆ చీకట్లో, అద్దానికి ఆనించి... ఒక చూపుడువేలు. మెల్లగా పైకి లేచింది.

చదవాల్సింది నేను.

"నదిలో నీళ్లు మామూలుగానే ఉన్నాయి..." నా నోరే. నా గొంతే. చివరిదాకా చదివాను. వేలు దిగిపోయింది.

తలుపు దగ్గర అక్క కూతురు నిలబడి ఉంది.

"టీవీలో అమ్మొచ్చింది, మామయ్యా."

"ఏం... చదివింది?"

"ఆ రోజు నా పక్కనే ఉన్నానని. ఆ క్యాసెట్టు వేసింది మీరా?"

నేను మిషన్ వైపు తిరిగాను. తను నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మెట్లు దిగి వెళ్లిపోయింది.

మిషన్లోది తీసి మళ్లీ వేసి చూశాను. అంతా ఖాళీ.

సిగ్గులేనివాణ్ని, అయినా చరిత్ర పూర్తిచేశాను. ఆ ఏడాది మాత్రం దాటేశాను. నా గొంతుతోనే చెప్పి, మూడుసార్లు విని మరీ చిన్న ఓనరుకి ఇచ్చాను. చూసి, నా గదికొచ్చాడు.

"మీరే చెబుతానన్నారుగా? ఈవిడెవరు?"

"ఏ ఆవిడండీ?"

"మొత్తం ఒకావిడ చదివింది. గొంతు బావుంది. చివర్లో పల్లపు వీధిలో పోయినవాళ్ల పేర్లు చదివింది చూడండి, అక్కడే తప్పు పోయింది. పోయింది ఏడుగురేగా? ఎనిమిది చదివింది. ఎవరండీ ఈ ఎనిమిదో ఆయన?"

కాగితం మీద రాసుకొచ్చిన పేరు చూసి పలికాడు. నా అసలు పేరు.

ఆయన భుజం మీదుగా అద్దం వైపు చూశాను. వేలు మళ్లీ లేచి ఉంది.