చేతిజాడ యంత్రం

ఎర్రమిట్ట అంటే అంగారకుడి మీద మనవాళ్లు కట్టుకున్న ఊరు. బయట పీల్చే గాలి లేదు కనుక పిల్లలు గాజుకప్పు కిందే పుట్టి, గాజుకప్పు కిందే పెరుగుతారు. అయినా ఆకాశం మీద వాళ్ల ఆశ ఏమాత్రం తగ్గదు. బడికి సెలవులివ్వగానే అక్కడ ఫోబోస్ పోటీ పెడతారు. ఫోబోస్ అంటే అంగారకుడి చుట్టూ తిరిగే బుల్లి చందమామ. దాని మీద దిగే బండిని పిల్లలే తయారు చేయాలి. నెగ్గిన బండిని నిజంగానే రాకెట్‌లో పెట్టి పంపిస్తారు.

పిల్లలే చేయాలంటే కన్నవాళ్లు ఊరుకుంటారా? ఒకరు వైరు అతికించేవారు, ఇంకొకరు మోటారే మార్చేసేవారు. అది చూడలేక పోటీ జడ్జి డాక్టర్ మంజువాణి చేతిజాడ యంత్రం కనిపెట్టింది. ఏ వస్తువును తాకినా వేలి చెమట, పట్టు బిగువు దాని మీద మిగిలిపోతాయి కదా. ఈ యంత్రం సెన్సర్లతో వాటిని తడిమి, ఏ మర ఎవరు తిప్పారో పైకి చెప్పేస్తుంది. పెద్దవాళ్ల చేయి పడిందా, బండి పోటీ నుంచి అవుట్.

ఆ ఏడు మంజువాణి కూతురు హిమజ కూడా పోటీకి దిగింది. పదకొండేళ్ల పిల్ల. తిండీ నిద్రా మాని చేసుకుంది. పోటీ రోజు పొద్దున మంజువాణి ఆ బండిని చూసింది. కాళ్ల కీళ్లన్నీ వదులుగా ఊగుతున్నాయి. అందరి ముందూ ఊడిపోతే పిల్ల ఏమైపోతుంది? యంత్రం ముందు పెట్టేది అనుమానం వచ్చిన బండినే, తన కూతుర్ని ఎవరు అనుమానిస్తారు? గబగబా బిగించేసింది.

హాల్లో బండ్లను తాళ్లకు కట్టి, ఫోబోస్ మీద ఉన్నంత తేలిక చేసి వదులుతారు. హిమజ బండి నేలను తాకింది. తాకి, బంతిలా ఎగిరి కప్పుకు కొట్టుకుంది.

"కీళ్లు వదులుగానే పెట్టాను! వదులుగా ఉంటేనే అదురు మింగుతాయి. ఎవరో బిగించేశారు!" అంది హిమజ. పక్క బల్ల దగ్గర తన బండితో నిలబడ్డ కుందన వైపు తిరిగింది. "నువ్వే!"

"అమ్మతోడు, నేను ముట్టుకోలేదు."

"యంత్రం పెడదామా మేడమ్?" అన్నాడు తోటి జడ్జి ఓబులేసు.

"చిన్నపిల్లలు, ఎందుకులెండి," అంది మంజువాణి. "కుందన ఒక్క సారీ చెప్పేస్తే సరిపోతుంది."

"చెయ్యనిదానికి సారీ ఏంటత్తా? యంత్రమే పెట్టండి," అంది కుందన ఏడుస్తూనే.

పెట్టారు. "కీళ్లు అమర్చింది హిమజ. చివరగా బిగించింది మంజువాణి," అంది యంత్రం, ఎప్పటి గొంతుతోనే.

ఆ వెంటనే వెనక వరసలోంచి ఒకాయన, "తప్పు చదివిందండీ!" అని అరిచాడు.

"అవును మరి, ఈ దుమ్ములో ఏ యంత్రం నిలుస్తుంది?" అంది ఇంకొకావిడ. అంటూనే తన కొడుకు బండిని పైటచెంగుతో తుడిచేస్తోంది. ఆమె ఒక్కతేనా? వరస వరసంతా తుడుస్తోంది.

ఓబులేసు మంజువాణి చెవి దగ్గరికి వంగాడు. "మీరు ఊ అనండి మేడమ్, యంత్రం చెడిపోయిందని చెప్పేస్తాను."

మంజువాణి నోరు తెరిచింది. ఊ అనేదే.

"చెడిపోలేదు," అంది హిమజ, బండి కాలును వేలితో కదపబోతూ. "మా అమ్మ జడ కూడా ఇలాగే వేస్తుంది. నొప్పి అన్నా వదలదు."

మంజువాణి లేచింది. కూతురి ముఖం చూడలేక కుందన దగ్గరికి వెళ్లింది. "నువ్వు ముట్టుకోలేదమ్మా. నేనే."

కుందన ముక్కు తుడుచుకుని తలెత్తింది.

"అది మీకు ముందే తెలుసు కదత్తా?"