ఆయన దిగాల్సిన స్టేషను

సంస్మరణ దినం దగ్గరపడిందంటే చాలు, ఆ లాండ్రీ నిండా నల్లకోట్లే. పెద్దమనుషులు ఏడాది పొడుగునా బీరువాల్లో పడేసినవన్నీ ఆ వారమే బయటికి తీస్తారు. ఆ రోజు లాండ్రీ నడిపే ఆమె షట్టరు పైకెత్తేసరికే ఒక ఆఫీసు గుమాస్తా రెండు నల్లకోట్లు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలమ్మా. మా సారుకి ముందు వరసలో కుర్చీ. టీవీలో ముడతలు కనబడకూడదు."

"ఏడుపు కనబడాలా వద్దా?" అంది ఆమె రసీదు రాస్తూ.

అతనికి అర్థం కాలేదు. తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా ఆమెకి కాలు నిలవదు. ఇస్త్రీ చేసిన కోటునే మళ్ళీ చేస్తుంది, తగిలించిన హ్యాంగర్లని మళ్ళీ సర్దుతుంది. పదేళ్ళ కిందట ఒక సాయంత్రం నగరం అడుగున సొరంగంలో రైలుకి నిప్పంటుకుంది. లిఫ్టులు బాగుచేసే పని ముగించుకుని ఇంటికి వస్తున్న ఆమె భర్త అందులో ఉన్నాడు. సొరంగంలోంచి బయటపడే తలుపుకి తాళం వేసి ఉంది. ఆ తాళం ఎవరు వేశారో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది జనం నిజంగానే ఏడ్చారు. రెండో ఏడాదికి ఒక పాట కట్టారు. ఆ తరువాత పోస్టర్లు వచ్చాయి, పాలరాతి స్తంభం వచ్చింది, చనిపోయినవాళ్ళందరూ వీరులైపోయారు. ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుందామనుకున్న మనిషి వీరుడెలా అయ్యాడో ఆమెకి అంతుబట్టలేదు. అందరూ ఆయన గురించి మాట్లాడుతుంటే ఆమె మాట్లాడటం మానేసింది. ఆ రైలెక్కడం కూడా మానేసింది.

గుమాస్తా వెళ్ళిన కాసేపటికే ఒకావిడ వచ్చింది. సంస్మరణ కార్యక్రమాలు జరిపించే ఆఫీసరు. ఆ ఆఫీసరుని చూడగానే పైనింట్లోంచి అత్తగారు మోకాళ్ళ నొప్పి కూడా మరిచిపోయి గబగబా దిగి వచ్చింది. వెనకే మనవరాలు.

"పదో ఏడు కదమ్మా, ఈసారి ఒక పాప చేత చదివిద్దామనుకున్నాం. మీ పాపని ఎంపిక చేశాం," అంటూ ఆఫీసరు పిల్ల చేతిలో ఒక కాగితం పెట్టింది.

పిల్ల గొంతు సవరించుకుని చదివింది. "నాన్నా! నీ నవ్వు నాకింకా గుర్తుంది. నీ వేలు పట్టుకుని నడిచిన దారి గుర్తుంది..."

"బాగుంది తల్లీ. 'నాన్నా' అన్నాక కాస్త ఆగాలి, కెమెరా దగ్గరికొస్తుంది. ఏడుపొస్తే ఆపుకోకు. రాకపోయినా పరవాలేదు, వెనక సంగీతం ఉంటుంది."

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "దానికప్పుడు రెండేళ్ళు నిండలేదండీ. ఏం గుర్తుంటుంది?"

"గుర్తుండక్కర్లేదమ్మా, వినేవాళ్ళ మనసుకి తగిలితే చాలు."

"ఆ తలుపుకి తాళం వేసిందెవరో ఇందులో రాశారా?"

ఆఫీసరు ముఖం మారింది. "అవన్నీ మాట్లాడే రోజు కాదు కదమ్మా అది."

"మరే రోజు మాట్లాడాలో చెప్పండి. షాపు మూసుకుని వస్తాను."

"మీకు ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి. వేరే పిల్లలున్నారు."

"ఇష్టం లేదు. మా పిల్ల చదవదు."

ఆఫీసరు కాగితం తిరిగి తీసుకోకుండానే వెళ్ళిపోయింది. ఆవిడ అటు వెళ్ళిందో లేదో అత్తగారు ఇంతెత్తున లేచింది.

"వద్దనడానికి నువ్వెవరివి? వాడు నీ ఒక్కదాని సొత్తా?"

"అత్తయ్యా, అదంతా నాటకం. వాళ్ళకి కావలసింది దాని ఏడుపు."

"నాటకమని నాకు తెలీదనుకున్నావా? ముందు వరసవాళ్ళు గడియారాలు చూసుకోవడం నేను చూడలేదా? నా పక్క కుర్చీ ఆయన పోయినేడాది గుర్రుపెట్టి నిద్రపోయాడు. అయినా వెళ్తాను. ఎందుకో తెలుసా? అక్కడ మైకులో వాడి పేరు చదువుతారమ్మాయ్! ఏడాదికొక్కసారి నా కొడుకు పేరు నా చెవిన పడుతుంది. ఈ ఇంట్లో ఆ పేరు విని ఎన్నాళ్ళయింది?"

అంతలో పిల్ల అంది, "నేను చదువుతానమ్మా."

"లేనిది ఉన్నట్టు చెబుతావా? అంతమంది ముందు అబద్ధం ఆడతావా?"

"ఆ కాగితంలో నాన్న నవ్వాడమ్మా." పిల్ల కాగితం తల్లికి చూపించింది. "నువ్వు నాకు అదైనా చెప్పావా? అడిగితే పనుందంటావు. నానమ్మ చెప్పబోతే లేచి వెళ్ళిపోతావు. స్కూల్లో మీ నాన్న ఎలా ఉండేవారని అడిగితే నాకు పోస్టర్లో బొమ్మ తప్ప ఏం తెలుసు?"

పిల్ల మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆమె ఒక కోటు అందుకుంది, పెట్టేసింది. ఇంకొకటి అందుకుంది. దేనిమీదా చెయ్యి ఆడలేదు. ఊరంతా వాడి వాడి అరగదీసిన మాటలు ఆయన మీద పడకూడదనే ఆమె అన్నేళ్ళూ నోరు కట్టుకుంది. ఊరినుంచి దాచాననుకుంటూ కన్నకూతురి దగ్గర కూడా దాచేసింది. ఆ సంగతి ఇంతవరకూ తట్టనే లేదు.

పట్టపగలే షట్టరు సగానికి దించి పైకి వెళ్ళింది. పిల్ల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆమె పక్కన కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు దుప్పటి అంచు మడతపెట్టింది.

"మీ నాన్నకి జోకులు వెంటనే అర్థమయ్యేవి కావే," అంది చివరికి. "అందరూ నవ్వడం అయిపోయాక, ఎవరో వేరే సంగతి మాట్లాడుతుంటే అప్పుడు నవ్వేవారు. ఒకసారి సంతాప సభలో నవ్వారు."

పిల్ల ఇటు తిరిగింది. "నిజంగానా?"

"చిన్నప్పట్నించీ అంతే వెధవ!" గుమ్మం దగ్గరనుంచి అత్తగారి గొంతు. "నేను తిట్టిన తిట్టు కూడా మర్నాటికి గాని తలకెక్కేది కాదు."

సంస్మరణ దినాన అత్తగారు చీర మార్చుకుని కూర్చుంది. ఎప్పటిలాగే మైదానంలో సాయంత్రం సభ. ఆమె లాండ్రీకి తాళం వేసి వచ్చింది.

"పదండి అత్తయ్యా, నేనూ వస్తాను. కానీ మైదానానికి కాదు."

"మరెక్కడికి? పేరు చదివేటప్పుడు నేనక్కడ లేకపోతే ఎలా?"

"ఆయన ఎక్కిన రైలెక్కుదాం. ఇన్నాళ్ళూ నాకు ధైర్యం చాలలేదు. మీరు పక్కనుంటే ఎక్కగలను."

అత్తగారు కోడలి ముఖంలోకి చూసింది. లేచి చెప్పులు తొడుక్కుంది.

ముగ్గురూ బస్సులో ఆయన పనిచేసిన వీధికి వెళ్ళి, అక్కడ రైలెక్కారు. బోగీ కిక్కిరిసి ఉంది. కాసేపటికి స్పీకరులో ఒక గొంతు అందరినీ ఒక నిమిషం మౌనం పాటించమంది. కొందరు లేచారు, కొందరు ఫోన్లోంచి తలెత్తి మళ్ళీ దించారు. నిమిషం పూర్తి కాకముందే ఏదో సబ్బు ప్రకటన మొదలైంది. మామూలు రోజైతే ఆమె ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆమె ధ్యాసంతా కిటికీ మీదే ఉంది. రైలు సొరంగంలోకి దూరగానే బయటంతా చీకటైంది.

"ఇక్కడేనా అమ్మా?" పిల్ల గుసగుసగా అడిగింది.

"ఇంకా రాలేదు." అత్తగారి చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. బోగీ వెలుగులో సొరంగం గోడకున్న ఆ తలుపు కనబడగానే ఆమె అంది, "ఇదిగో... ఇక్కడ."

ఆమె కళ్ళు మూసుకోలేదు. ఆయన పేరు పైకే అంది, ఎదురుగా నిలబడ్డవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా. పక్కనే అత్తగారూ అంది. రైలు ఆగలేదు. చీకటి వెనక్కి పోయింది, కిటికీ నిండా వెలుతురు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి.

ముగ్గురూ దిగారు. "ఆయన దిగాల్సింది ఈ స్టేషన్లోనే," అంది ఆమె. "ఇక్కణ్ణించి ఇంటికి నడిచి వచ్చేవారు. పద, నువ్వూ నడుద్దువుగాని."

పైకి వెళ్ళే లిఫ్టుకి 'పనిచేయదు' అన్న బోర్డు తగిలించి ఉంది. అత్తగారు కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ సగంలో ఆగి రొప్పింది. "రోజూ ఇన్ని మెట్లెక్కేవాడా వీడు? నాతో ఒక్కసారీ అనలేదే!"

"నాతో అనేవారు అత్తయ్యా. ఊళ్ళో లిఫ్టులన్నీ నేను బాగుచేస్తాను, నేనెక్కే చోట మాత్రం ఎప్పుడూ చెడిపోయే ఉంటుందని రోజూ తిట్టుకుంటూనే లోపలికొచ్చేవారు. నేను..."

మాట పూర్తికాలేదు. పదేళ్ళ ఏడుపు ఆ మెట్ల మీదే వచ్చింది. వచ్చేపోయేవాళ్ళు పక్కకి తప్పుకుని వెళ్తున్నారు. అత్తగారు ఆమెని మెట్టు మీద కూర్చోబెట్టి, తల తన భుజానికి ఆనించుకుంది.

"ఏడువమ్మా, ఏడువు. మనకేం తొందర?"

పిల్ల కింది మెట్టు మీద కూర్చుని తల్లి మోకాళ్ళు పట్టుకుంది. ఆమె కాస్త తెరిపిన పడ్డాక మెల్లగా అడిగింది, "లోపలికొచ్చాక నాన్న ఏం చేసేవారమ్మా?"

ఆమె ముక్కు తుడుచుకుంది. "చెబుతా పద," అంటూ ఒక చెయ్యి అత్తగారికీ ఒక చెయ్యి కూతురికీ ఇచ్చి లేచి నిలబడింది.