అంచున నీలిగళ్ళ రుమాలు

మండపేటలో నా కుట్టుమిషన్ల రిపేరు షాపు మెట్లెక్కుతూనే రెబెక్కా పోట్లాట మొదలుపెట్టింది. నేను బాగుచేసి పంపిన మిషను అప్పుడే మొరాయించిందట. ఆదివారం చర్చిలో హార్వెస్ట్ పండగ, క్వయర్‌లో పాడేవాళ్ళందరికీ తెల్ల గౌన్లు కుడతానని మాటిచ్చింది, ఇప్పుడు నా వల్ల అందరిలో పరువు పోతుందట. నేను సగమే విన్నాను. మిగతా సగం ఆ కళ్ళు విననివ్వలేదు.

మిషను బానే ఉందండి అన్నాను.

"అయితే తప్పు నాదా, శాంతికుమార్‌గారూ?"

నిజానికి ఆమెదే. కానీ కోపంలో అంత బాగున్న మనిషితో ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి చూస్తానన్నాను.

సాయంత్రం వెళ్ళాను. వాళ్ళమ్మ సువార్తమ్మగారు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఒక కన్ను నా మీదే ఉంచారు. రెబెక్కా గౌను కింద అంచు మడిచి కుట్టడం మొదలెట్టింది. తిన్నగా ఉన్నంతసేపూ మిషను పరుగే. పక్క కుట్టు దగ్గర మడతలన్నీ కలిసి లావెక్కిన చోటికి రాగానే ఆగిపోయింది. సూది ఉన్నచోటే పొడుస్తోంది, కింద దారం ముద్దకడుతోంది. ఆమె విసుగొచ్చి గుడ్డని వెనక నుంచి గట్టిగా లాగింది. సూది వంగిపోయింది.

"లాగకండి," అన్నాను. "ఆ ఎత్తు ఎక్కేటప్పుడు, గుడ్డని నొక్కిపట్టే ఈ ఫుట్ ముందు వైపు పైకి లేచిపోతోంది. అది సమంగా నొక్కకపోతే కింద పళ్ళు గుడ్డని ఎలా జరుపుతాయి? వెనక కూడా అంతే ఎత్తు పెట్టాలి."

పీలికల మూట ఆమె పక్కనే ఉంది. అయినా నేను జేబులోంచి నా నీలిగళ్ళ రుమాలే తీశాను. కొత్త సూది వేసి, రుమాలు మందంగా మడిచి, ఫుట్ వెనక భాగం కిందకి తోశాను. ఇప్పుడు తొక్కండి అన్నాను. మిషను ఆ ఎత్తు దాటి నిమ్మళంగా అవతలికి వెళ్ళిపోయింది.

ఆమె మొహం విప్పారింది. నాకు మాత్రం దిగులు పట్టుకుంది. కిటుకు తెలిసిపోయాక ఈ అమ్మాయికి ఇక నాతో పనేముంటుంది? అందుకే రుమాలు అక్కడే వదిలేసి వచ్చాను. తిరిగివ్వడానికైనా వస్తుందని ఆశ.

రాలేదు. షాపు ముందు చెప్పుల చప్పుడైనప్పుడల్లా తల ఎత్తడమే నా పనైపోయింది.

ఆదివారం పెందలాడే చర్చికెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను. క్వయర్ పాడుకుంటూ వాకిట్లోంచి నడిచొచ్చింది. అందరికన్నా చివర రెబెక్కా. ఆమె నన్ను దాటి వెళ్ళాక చూశాను. గౌను వెనక, కింద అంచుకి కుట్టుకుపోయి నా నీలిగళ్ళ రుమాలు వేలాడుతోంది. పిల్లలు కిసుక్కుమన్నారు. సువార్తమ్మగారి చూపు రుమాలు మీద పడి, అక్కణ్ణుంచి తిన్నగా నా మీదకొచ్చింది. నేను పాటల పుస్తకంలో తల దూర్చేశాను.

ఆరాధన అయ్యాక ఆవరణలో పండక్కి కానుకగా వచ్చిన అరటిగెలలూ గుమ్మడికాయలూ వేలం వేస్తుంటే, ఆవిడ మా ఇద్దర్నీ పక్కకి పిలిచారు.

"ఆ రుమాలు ఈ అబ్బాయిది కదే? చూసుకోలేదా?"

నేనే అడ్డుపడి, ఫుట్ కింద ఉండిపోయి కుట్టులో పడిపోయుంటుందండి, పొరపాటు అన్నాను.

"కుట్టేటప్పుడు చూసుకోలేదమ్మా," అంది రెబెక్కా నెమ్మదిగా. "అయ్యాక చూశాను. విప్పబుద్ధి కాలేదు."

అంత సంతోషం నేనెప్పుడూ ఎరగను. ఇంక దాచడం నా వల్ల కాలేదు.

"నేనూ కావాలనే వదిలేశానండి," అన్నాను సువార్తమ్మగారితో. "రెబెక్కాగారంటే నాకు ఇష్టం."

ఆవిడ మా ఇద్దరి వంకా చూసి, వేలంలో పాడుకున్న పెద్ద గుమ్మడికాయ తెచ్చి నా చేతుల్లో పెట్టారు.

"ఇంటిదాకా పట్రా బాబూ. భోంచేసి వెళ్దువుగాని."

ముందు తల్లీకూతుళ్ళు, వెనక నేను. గుమ్మడికాయ బరువుకి చేతులు లాగేస్తున్నాయి. నా ఎదురుగా గౌను అంచున రుమాలు ఊగుతూ పోతోంది. వాళ్ళ ఇల్లు ఇంకాస్త దూరంగా ఉంటే బావుండుననిపించింది.