ఏడో నంబరు అయస్కాంతం

చీఫ్ కుతుబుద్దీన్ బ్రీఫింగ్ నాలుగే నిమిషాలు. అందులో ‘టెన్త్ ఫెయిల్’ అన్న మాట మూడుసార్లు దొర్లింది. తొమ్మిదితోనే బడి మానేసిన ఏజెంట్ దానియేలుకు మేడ్చల్ హోటల్లో చాయ్ చేదెక్కింది.

“దూలపల్లి ఫ్యాక్టరీ. మిసైల్ చిప్పులు చెక్కుతరు. రెండు బ్యాచులు ఖరాబైనయి. ఇయ్యాల పదకొండుకు ఆఖరి బ్యాచ్. గదీ పోతే ఆర్డర్ పరాయి దేశానికి పోతది. వెనక ఆర్కిడ్ రింగ్ అనే గూఢచారి ముఠా ఉంది. లోపల వాళ్ల మనిషి మల్లేశం. అయస్కాంతాలు బిగిస్తడు. టెన్త్ ఫెయిల్. పట్టుకరా.”

“ఎవరు చెప్పిన్రు సాబ్?”

“మన సోర్స్ అశ్రిత, గా ఫ్యాక్టరీల ఇంజినీరే. ఫారిన్ చదువు, గోల్డ్ మెడల్.”

“ఇంకేం. మెడల్ ఆమెకు, బేడీలు ఈయనకు.”

చీఫ్ విననట్టే ఓ పెన్ను చేతిలో పెట్టాడు. అయస్కాంతానికి ఆనిస్తే ఏ ధ్రువమో చెప్పే పెన్ను. మూడు కాపీల మీద సంతకం తీసుకుని ఇచ్చారు. ఛార్జర్‌కు మాత్రం ఇంకా శాంక్షన్ రాలేదు.

పదిన్నరకు దానియేలు పంపు మెకానిక్ వేషంలో, నూనె మరకల చొక్కాతో ఫ్యాక్టరీలో ఉన్నాడు. అశ్రిత ఎదురొచ్చింది. ఎర్రటి పెదాలతో సినిమా పోస్టర్లోంచి దిగినట్టుంది. ముక్కు మీద వేలేసుకుంది, నూనె వాసనకు.

“పంపుల నూనె మార్చిన్రా?” కోడ్ అడిగాడు.

“పోయిన ఆదివారమే.” జవాబు సరిపోయింది. “ఇంకా వాడిని అరెస్ట్ చేయలేదా? చదువు లేనివాళ్లకు ఇలాంటి మెషీన్ అప్పగిస్తే ఇంతే.”

అద్దాల గదిలో డ్రమ్ములాంటి లోహపు ఛాంబర్. దాని చుట్టూ పదహారు అయస్కాంతపు పట్టీలు నిలువుగా బిగించి ఉన్నాయి. ఒకటి విడిచి ఒకటి ఎర్రబొట్టు. దానియేలు పెన్ను తీశాడు. చచ్చిన బల్లిలా పడుంది.

గేటు బయట మల్లేశం గొంతుక్కూర్చున్నాడు. ఎదురుగా పోలీసు జీపు, అతని కోసమే.

“మొదటి బ్యాచ్ పోయినకాడికెల్లి నన్ను లోపలికి రానిస్తలేరు సార్. మిషన్ మొఖం సూడక నెలాయె.”

“అసలు గా బొట్లేంది?”

“డబ్బాల గాలంత గుంజేసి, ఇంత ఆర్గాన్ గ్యాసు ఇడిసి, రేడియో కరెంటిస్తం. లోపట వంకాయ రంగుల వెలుగు లేస్తది. గదే ప్లాస్మా. గది గోడల పాలు గాకుంట అయస్కాంతాలు కంచె లెక్క కాస్తయి. ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం. ఒక్కటి తిరగబడ్డా కంచెల గండి పడ్డట్టే. చిప్పును ప్లాస్మా ఒక దిక్కు ఎక్కువ తింటది, ఒక దిక్కు తక్కువ. అందుకే ఉత్తరం మొఖానికి బొట్టు పెడ్త. ఆయుధపూజ నాడు అలవాటైంది.”

“ఎనిమిది బొట్లూ బయటికే ఉన్నయి.”

“గట్లయితే సరిగనే ఉండాలె.” మల్లేశం లేచి నిలబడ్డాడు. “ఒక్కసారి నా కండ్లతోని సూడనియ్యి సార్. ఆ తర్వాత జీపెక్కుత.”

పది యాభై అయిదు. ఇద్దరు పంపు మెకానిక్కులు మాస్కు, గౌను, టోపీ తొడుక్కుని లోపలికి నడిచారు. కళ్లు తప్ప ఏమీ కనబడని చోట టెన్త్ ఫెయిలెవరో గోల్డ్ మెడలెవరో గుర్తుపట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు.

స్క్రీన్ మీద అంకెలు సున్నా వైపు పరుగెడుతున్నాయి. మల్లేశం ఛాంబర్ చుట్టూ తిరిగాడు. ఏడో పట్టీ దగ్గర ఆగిపోయాడు.

“పసుపేది?”

“ఏం పసుపు?”

“పసుపు పూయకుంట బొట్టెవడు పెడ్తడు సార్? గిది నేను పెట్టింది గాదు.”

దానియేలు వేలితో ఆ బొట్టును తుడిచాడు. జిడ్డు. గులాబీల వాసన. స్క్రీన్ ముందు మాస్కుతో నిలబడ్డ అశ్రిత వైపు తిరిగాడు; ఇందాక ఎదురొచ్చినప్పటి ఆమె పెదాలు గుర్తొచ్చాయి. అదే ఎరుపు.

నాలుగు. మూడు. రెండు. దానియేలు అరచేత్తో ఎర్ర బటన్ గుద్దాడు. ఒకటి దగ్గర స్క్రీన్ నల్లబడింది.

“ఆర్ యూ మ్యాడ్?” అంది అశ్రిత.

మల్లేశం స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. నాలుగు స్క్రూలు విప్పి ఏడో పట్టీని తిప్పాడు. లోపలి మొహం మీద, పసుపులో, ఎండిన కుంకుమబొట్టు.

“నన్ను జైల్ల ఏసేతందుకు ఇంత కష్టపడితివి. గింత పసుపుకు ఏం కరువొచ్చె మేడం?”

ఆమె గౌనులోంచి చిన్న పిస్టల్ వచ్చింది. మల్లేశం రొమ్ముకు ఆనించబోయింది. రొమ్ముకు అడ్డంగా అతని చేతుల్లో ఆ పట్టీ ఉంది. టక్. పిస్టల్ ఆమె చేతిలోంచి జారి అయస్కాంతానికి అతుక్కుపోయింది. ఇంత చదివిన మనిషి ఇనుము సంగతి మరిచిపోయింది.

పట్టీ సరిగ్గా తిప్పి బిగించాక మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కారు. కిటికీలో వంకాయ రంగు వెలుగు ఒక్క మచ్చ లేకుండా పరుచుకుంది. బయట జీపు అశ్రితను ఎక్కించుకుంది.

చీఫ్ ఫోన్ చేశాడు. శభాష్ అనలేదు. “పెన్ను వాపస్ జేసినవా?” అన్నాడు.

గేటు దగ్గర మల్లేశాన్ని సెక్యూరిటీవాడు బయటే నిలబెట్టాడు. పాత పాస్ రద్దయిందట. కొత్తదానికి టెన్త్ సర్టిఫికెట్ కావాలట.

దానియేలు మల్లేశాన్ని పక్కకు పిలిచాడు. జేబులోంచి తన మారువేషం కాగితాలు తీశాడు. టెన్త్ పాస్, ఫస్ట్ క్లాస్. డిపార్ట్‌మెంటే అచ్చేసిన దొంగ సర్టిఫికెట్.

“పేరొక్కటి మార్చుకో మల్లేశన్నా,” అన్నాడు. “సర్కారు ముద్ర మాత్రం అసలుదే.”