రెల్లు అనే మాట

ఆ తేదీ యాన్ చూకి గుర్తుండిపోయింది. మూడో నెల, పదకొండో రోజు. పొద్దున తిన్నది కొర్ర గంజి, నంజుకోవడానికి ఉప్పులో ఊరిన ఉల్లికాడలు. తన సారా దుకాణంలో గువో యింగ్ ఆ గంజి వేడిగా వడ్డించి, అడగకుండానే ఇంకో గరిటె పోసింది. భార్య పోయిన పదకొండేళ్ళుగా ఒక్కడే వండుకు తింటున్న మనిషికి ఆ రెండో గరిటె చిన్న విషయం కాదు.

మధ్యాహ్నం కోట ఉత్తర ద్వారం దగ్గర ఒక రౌతు గుర్రం మీంచి జారి పడ్డాడు. వీపులో రెండు బాణాలు, ఎడారి అవతలి షియోంగ్ను తెగవాళ్ళవి. ఆ శత్రువుల గుడారాల్లోనే ఉంటూ ఆరేళ్ళుగా హాన్ రాజ్యానికి వేగు పంపుతున్నవాడు. యాన్ చూ అతని తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

“రెన్ వెయ్ కూతురు... మీ ఊళ్ళోనే ఉంది. ఇవాళే...”

తర్వాత నీళ్ళడిగాడు. తాగేదాకా ప్రాణం ఉంది. అంతవరకైనా దక్కింది.

ఊరి లెక్కలో యాన్ చూ రాత కుంచెలు అమ్ముకునేవాడు. అతని కుంచెల్లో ఒకదాని కాడ బోలు అనీ, అందులో రహస్య కబుర్ల పట్టుగుడ్డ పడుతుందనీ తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు కమాండర్ షాంగ్ కువాన్. రెండోది గువో యింగ్. సారా తాగే వర్తకుల నోటినుంచి శత్రువుల కబుర్లు లాగి అతనికి అందించేది ఆమే.

“రెన్ వెయ్ ఎవడో తెలుసుగా?” అన్నాడు కమాండర్.

“ఇరవై ఎనిమిదేళ్ళ కింద బాణాలు అయిపోయి లొంగిపోయిన దళపతి.”

“లొంగాడని ఇక్కడ వాళ్ళమ్మనీ తమ్ముళ్ళనీ నరికించారు. వాడు అవతలే పెళ్ళాడి, కూతుర్ని కని, పోయాడు. దాని మొహం ఎవరికీ తెలీదు. ఊళ్ళో మూడు వేలమంది ఆడవాళ్ళున్నారు. పొద్దుగూకే ఢంకా లోపల పట్టుకురా.”

“ఢంకా మోగితే ఏమవుతుంది దొరా?”

“సగం దండు దక్షిణాన ఉప్పు బురద వైపు కదులుతుంది. దాడి అటునుంచేనని మీ గువో యింగే కదయ్యా చెప్పింది! ఆ పిల్ల కబురు ఎప్పుడన్నా తప్పిందా?”

తప్పలేదు. నాలుగేళ్ళలో మూడు కబుర్లు, మూడూ నిజం. మూడూ చిన్నవేనని యాన్ చూకి ఇప్పుడు తట్టింది. దాడి ఉత్తరాన్నుంచి వస్తే? అటు గోడ బయట మూడు వందల రైతు కుటుంబాలున్నాయి. వాళ్ళను లోపలికి పిలిచేది ఉత్తరపు బురుజు మీద వేసే మంట ఒక్కటే.

బయట కూలీలు గోడ బాగుచేస్తున్నారు. ఒక వరస కంకర, ఒక వరస రెల్లు.

“రెల్లు అందుకోరా!”

“తడిసిన రెల్లు తెచ్చావు, నీ మొహంలా ఉంది!”

యాన్ చూ ఆగిపోయాడు. గోడలు రెల్లు, కప్పులు రెల్లు, చాపలు రెల్లు, బురుజుల మీద కాల్చేదీ రెల్లే. ఆ ఊళ్ళో మనిషి రోజుకు నలభైసార్లు అనే మాట. అది ఎన్నడూ పలకని నోరు ఒకటుంది. గువో యింగ్ “నీళ్ళగడ్డి” అనేది. పుట్టింటి యాస కాబోలని అతను మొదట్లో నవ్వాడు కూడా.

కన్నతండ్రి పేరు బిడ్డ నోట రాకూడదు. పోయిన తండ్రి పేరైతే, అదే మాట మామూలు వస్తువుకు పేరైనా సరే, చుట్టూ తిరిగి ఇంకో మాట వెతుక్కోవాలి. వాళ్ళ భాషలో వెయ్ అంటే రెల్లే.

కమాండర్‌కి చెప్పేస్తే అయిపోయేది. అతను చెప్పలేదు. వెనక్కి వెళ్ళి రెండే అడిగాడు.

“బురుజు ఎక్కేవాళ్ళు చెప్పాల్సిన గుర్తుమాట ఇవాళ మార్పించండి దొరా. రెల్లు అని పెట్టించండి. ఢంకా మోగినా సరే, నేను కబురు చేసేదాకా దండుని కదిలించకండి.”

“రెల్లా! అదేం మాటయ్యా, గాడిద కూడా చెప్పేస్తుంది!”

“గాడిద చెప్పొచ్చు దొరా.”

గువో యింగ్ ఎర్రపట్టు నడికట్టు బిగించుకుని, గాడిద మీదికి సారా జాడీలు ఎక్కిస్తోంది. పది రోజులకోసారి ఉత్తరపు బురుజు కాపలావాళ్ళకు సారా చేరవేయడం ఆమె రివాజు. ఆమె నడిచొస్తుంటే వీధిలో మగాళ్ళు లెక్కలు మరిచిపోయేవాళ్ళు.

“ఏంటి కుంచెలాయనా, మొహం అలా వేలాడేశారు? కుంచెలకి బొచ్చు ఊడిందా?”

“బురుజు దగ్గర గుర్తుమాట మారింది. నీకు చెప్పి పోదామని.”

“చెప్పండి మరి.”

“రెల్లు.”

ఆమె తాడు ముడి వేస్తూనే ఉంది. ముడి వేసి, విప్పి, మళ్ళీ వేసింది.

“సరే,” అంది.

“వెళ్ళడం మానెయ్యకూడదూ? గాలి ఎక్కువగా ఉంది.”

“గాలికి భయపడితే ఈ ఊళ్ళో వ్యాపారం చేసినట్టే.”

యాన్ చూ అడ్డదారిన బురుజు చేరి మెట్ల వెనక నిలబడ్డాడు. ఆమె ఆ మాట అనేస్తే బాగుండునని కోరుకున్నాడు. అంటే ఆమె ఉత్త గువో యింగ్. రేపు పొద్దున మళ్ళీ గంజి ఉంటుంది.

పొద్దు వాలుతుండగా గాడిద వచ్చింది. మెట్ల ముందు కాపలావాడు తోంగ్ ఈటె అడ్డం పెట్టాడు. యాభై ఏళ్ళ వాడు, మోకాళ్ళ నొప్పుల మనిషి.

“మాట చెప్పమ్మాయ్.”

“నేనే తోంగ్ బాబాయ్! కళ్ళు కూడా పోయాయా?”

“కళ్ళు బానే ఉన్నాయి. మాట చెప్పు.”

“గోడ వరసల్లో పరిచేది.”

“కంకర కూడా పరుస్తారు. మాట చెప్పు తల్లీ, దాహంగా ఉంది.”

“గాలికి ఊగేది... నీళ్ళగడ్డి.”

“అది కాదు. దానికి మామూలుగా అనేదే, పిల్లలు కూడా అంటారు, ఒక్కసారి అనెయ్యి!”

ఆమె నోరు తెరిచింది. పెదవులు ఆ మాట ఆకారానికి వచ్చాయి. ఉత్తరాన ఆకాశం అంచున సన్నగా దుమ్ము లేస్తోంది. ఆమె అటు చూసింది. ఒక్క మాట పలికితే మెట్లెక్కేస్తుంది. పెదవులు మూసుకున్నాయి.

యాన్ చూ బయటికి వచ్చాడు.

“జాడీల్లో ఏముంది?”

“నిద్ర. విషం కాదు. తోంగ్ బాబాయ్ నాకేం చేశాడని?”

“ఒక్కసారి మీ నాన్న పేరు అనేస్తే గెలిచేదానివి.”

“అనేశాక ఎవరి కోసం గెలిచినట్టు కుంచెలాయనా?”

తోంగ్ అప్పటికే మోకాళ్ళ సంగతి మరిచి మెట్లెక్కుతున్నాడు. మంట లేచింది. పొలాల్లోంచి జనం పరిగెత్తారు. పిల్లలు, కోళ్ళు, మంచం మీద మోసుకొచ్చిన ఒక ముసలమ్మ. ఆఖరి బండి చక్రం లోపలికి రాగానే ద్వారం మూసుకుంది. బాణం వేటు దూరంలో ఎనిమిది వందల గుర్రాలు ఆగాయి. గోడ మీద కదలకుండా ఉన్న పూర్తి దండుని చూసి, కాసేపు నిలబడి, వెనక్కి తిరిగాయి.

యాన్ చూ భుజం కమాండర్ తట్టి, తడుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. గాలి దుమ్మన్నాడు.

బురుజు కింది గదిలో ఆమెను ఉంచారు. తోంగ్ తన గొర్రెతోలు తెచ్చి ఆమె కాళ్ళ మీద కప్పి, తిట్టుకుంటూ పోయాడు. చేతులకు కట్టిన తాడు వదులుగానే ఉంది. అదీ అతని పనే.

“రాజధానికి నివేదిక మీరే రాస్తారా?” అంది ఆమె.

“నేనే.”

“మా నాన్న పేరు రాయాలా?”

“రాయాలి. తండ్రి పేరు లేకుండా నేరం నమోదు కాదు.”

“అయితే కాస్త కుదురుగా రాయండి. కుంచెలు అమ్ముతారు గానీ మీ రాత కోడి కెలికినట్టుంటుంది.”

“మంచి కుంచెతో రాస్తాను.”

ఆమె నవ్వి గోడవైపు తిరిగి పడుకుంది.

ఢంకా మోగింది. యాన్ చూ బయటికొచ్చి, నిద్రపోతున్న ఇల్లాలు లేవకుండా వేసినట్టు, గడియ చప్పుడు కాకుండా ఆ గది తలుపు వేశాడు.