అమ్మ కట్టిన చరణం

గౌరీపూజ ముగిసింది. పెళ్ళికూతురు రాధకు బుగ్గచుక్క పెట్టడమూ అయింది. పసుపు రాసిన కొత్త గంప వాకిట్లో సిద్ధంగా ఉంది. అందులో మేనకోడల్ని కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకురావలసిన మేనమామ వెంకటకృష్ణారావు మాత్రం ఇంకా రాలేదు.

“మేనమామ గారు వచ్చారా అమ్మా? ముహూర్తం దగ్గర పడుతోంది” అని పురోహితుడు మళ్ళీ అడిగాడు.

“ముసునూరు నుంచి రావాలి కదండీ, బండి దొరకలేదేమో” అంది రాధ తల్లి ప్రమీలారాణి. ముసునూరు నుంచి నూజివీడుకు మామిడికాయల బళ్ళు వరసకట్టే వేసవిలో బండి దొరకలేదట! ఆ మాట అన్నందుకు ఆమెకే మొహం చెల్లలేదు.

పందిటి గుంజకు కట్టిన మైకులో ఆమె భర్త పాండురంగారావు గొంతు మోగుతోంది. మైకుసెట్టు చిన్నరాయప్ప పొద్దుటినుంచీ ఆ ఒక్క గ్రామఫోను ప్లేటే తిరగేస్తున్నాడు. అతన్ని అనడానికేముంది? వచ్చినవాళ్ళంతా అదే అడుగుతున్నారు. ‘నువ్వు నిద్ర లేచేసరికి ఈ కాయ పండవుతుంది నాన్నా’ అని తల్లి బిడ్డతో చెప్పే ఆ చివరి చరణం రాగానే మామిడి వర్తకులు తలలూపుతున్నారు. ప్రమీలారాణికి మాత్రం ఆ చోటు వచ్చినప్పుడల్లా భూమిలోకి కుంగిపోవాలనిపిస్తోంది.

ఆ పాట అన్నయ్యది. అసలు చెప్పాలంటే వాళ్ళమ్మది. ఆమె పాడిన జోలపాటకు అన్నయ్య వరస దిద్ది మద్రాసు వెళ్ళి పాడి ప్లేటు ఇచ్చాడు. నాటకాల్లో పద్యాలు పాడే పాండురంగారావు కూడా తన పాటతో ఒక ప్లేటు ఇచ్చాడు. బావా బావమరుదులు ఒకరి పాట ఒకరు పాడితే జనం పోల్చి చూసుకోవడానికైనా కొంటారని కంపెనీవాళ్ళకు సరదా పుట్టింది. అన్నయ్య నవ్వుతూ ఒప్పుకున్నాడు, బావ పాటను ముచ్చటగా పాడి వచ్చాడు కూడా. అంతవరకూ ఎవరికీ ఏ బాధా లేదు.

కానీ అమ్మ పాటలో అన్నయ్య ప్లేటుకు ఇవ్వని చరణం ఒకటుంది. వాళ్ళ తమ్ముడు చిన్నబాబు జ్వరంలో కాగిపోతుంటే, తలాపున కూర్చుని అమ్మ తానే కట్టుకున్న చరణం అది. కాయలు పండాయి... వాడే లేవలేదు. “ఇది మనింట్లోనే ఉండాలే, రాణీ. అంగట్లో పెట్టొద్దు” అన్నాడు అన్నయ్య ఆనాడే.

మద్రాసు ప్రయాణానికి ముందు ఒక సాయంత్రం పాండురంగారావు ఆ పాట సాధన చేస్తూ, చివర ఏదో వెలితిగా ఉందని విసుక్కున్నాడు. పప్పు రుబ్బుతున్న ప్రమీలారాణి చెయ్యి ఆపి, ఆ చరణం పాడింది. ఎందుకు పాడింది! పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఎన్నడూ ఆమె గొంతు విని తలెత్తలేదు. ఆ రోజు ఎత్తాడు. “ఇంత పాట కడుపులో పెట్టుకుని కూర్చున్నావా?” అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమె పొంగిపోయింది. అదెవరి కోసం కట్టిన చరణమో చెప్పలేదు. ఆయన మధ్య చరణం తీసేసి, చివర దీన్ని పాడి వచ్చాడు. అన్నయ్య ప్లేటు మూలపడింది, ఇది ఊరూరా మోగింది. ఆ తర్వాత అన్నయ్య ఈ గడప తొక్కలేదు.

“వచ్చారు, వచ్చారు” అని వాకిట్లో ఎవరో అన్నారు. వెంకటకృష్ణారావు లోపలికి వచ్చాడు. మైకు వంక ఒకసారి చూశాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, రాధను గంపలో కూర్చోబెట్టి, బంధువులు తలో చెయ్యీ వేయగా పందిట్లోకి తెచ్చాడు. బావ పలకరిస్తే తలాడించి పక్కకు తప్పుకున్నాడు.

తలంబ్రాలయ్యాక అన్నయ్య కనబడకపోతే ప్రమీలారాణి పెరటివైపు వెతుక్కుంటూ వెళ్ళింది. కాయలు మగ్గవేసిన కొట్టులో, వరిగడ్డి మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమె వెళ్ళి కాళ్ళ దగ్గర కూలబడింది.

“లేమ్మా. పెళ్ళికూతురి తల్లివి, ఏడవకూడదు” అన్నాడు. “బావ నిన్ను సతాయించి ఉంటాడు. ఇవ్వక ఏం చేస్తావులే.”

ఏడాదిగా అన్నయ్య అలా అనుకుంటున్నాడని ఆమెకు తెలుసు. తెలిసీ ఊరుకుంది. భర్త మీద పడ్డ నింద తనకు గొడుగైందని లోలోపల కుదుటపడింది కూడా! ఆ సంగతి తలచుకుంటే ఇప్పుడు తలెత్తబుద్ధి కాలేదు.

“ఆయన అడగలేదన్నయ్యా. నేనే పాడాను. మెచ్చుకుంటారని... చిన్నబాబు సంగతి ఇప్పటికీ ఆయనకి తెలియదు.”



“ఇన్నాళ్ళూ ఆ మనిషిని అనవసరంగా తిట్టుకున్నానన్నమాట” అన్నాడు అన్నయ్య. “నిన్ను తిట్టడానికీ నోరు రావట్లేదు, రాణీ. నా బాధ వేరు. పడుకుంటే ఆ చరణం బావ గొంతులోనే వినిపిస్తోంది. అమ్మ గొంతు ఎంత తలుచుకున్నా రావట్లేదు. అమ్మ గొంతు నీకొచ్చింది. ఒక్కసారి పాడమ్మా.”

ఆమె కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. ‘కాయ పండవుతుంది’ అన్నచోట అమ్మ గొంతు తగ్గించేది, బిడ్డ నిద్ర చెడుతుందని గుసగుసలా అనేది. ప్రమీలారాణి గొంతు అక్కడ పైకి లేచి తిరిగి తిరిగి వణికింది. కంపెనీవాళ్ళ మెప్పు కోసం పాండురంగారావు పెట్టిన గమకం అది! అన్నాచెల్లెళ్ళిద్దరూ విన్నారు.

“మెల్లగా. మళ్ళీ” అన్నాడు అన్నయ్య.

మళ్ళీ పాడింది. మళ్ళీ అదే వచ్చింది. ఇంట్లో తన ఒక్కదానికే మిగిలిన అమ్మ గొంతు తన నోటిలోనే చెరిగిపోయిందని ఆమెకు అప్పుడు అర్థమైంది. సిగ్గుతో కొంగులో మొహం దాచుకుంది. పందిట్లోంచి భోజనాలకు పిలుస్తున్నారు. వెంకటకృష్ణారావు లేవలేదు. చెల్లెలి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఇంకోసారి పాడమన్నాడు.